పసుపు చుక్క వైరింగ్

చందూర్ దాటాక కాలువ మలుపులో హన్మండ్లు ట్రాలీ ఆటో నడుస్తూ నడుస్తూనే తగలబడి నేటికి నాలుగు రోజులు. స్టీరింగ్ కింద లేచిన మంట సీటుకు అంటుకునేలోపే అతను కిందికి దూకాడు గానీ, బండి కాగితాలు గుర్తొచ్చి మళ్లీ లోపలికి చేతులు పెట్టాడు. ఆ రెండు చేతులూ ఇప్పుడు నిజామాబాద్ ఆసుపత్రిలో కట్లతో ఉన్నాయి. ఆ బండికి వైరింగ్ వేసింది బోధన్ శక్కర్‌నగర్ రోడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్ సిద్దిరాములు. తప్పు తన వైరింగ్‌ది కాదనీ, హన్మండ్లు ముచ్చటపడి బండి చుట్టూ బిగించుకున్న రంగురంగుల లైట్లదనీ అతను నలుగురిలో గట్టిగానే చెప్పుకొచ్చాడు. ఈ పొద్దున ఏడున్నరకు దుకాణం షట్టర్ ఎత్తుతుంటే, వెనక ఒక అమ్మాయి వచ్చి నిలబడి తాను షోరూం నుంచి వచ్చానంది. పోయిన వారం మనం ఆగింది అక్కడే.

ఆమె పేరు శృతి. నిజామాబాద్‌లో ఆ ట్రాలీలు అమ్మే షోరూంలో సర్వీసు కౌంటర్‌లో కూర్చుంటుంది. డ్యూటీ తొమ్మిదిన్నరకు గనక, తెల్లవారుజామునే బస్సెక్కి బోధన్ వచ్చింది.

షోరూం అన్న మాట వినగానే సిద్దిరాములుకు ఒళ్లు మండింది. షోరూం వాళ్లంటే అతనికి మొదట్నుంచీ గిట్టదు. ఏసీ గదిలో కూర్చుని కంప్యూటర్ చూసి రోగం చెప్పేవాళ్లని అతని లెక్క. తను మాత్రం బల్బుకు రెండు వైర్లు కట్టుకుని, బండి కింద పడుకుని, వెలిగిందా ఆరిందా చూసి చెబుతాడు. కరెంటు పని పట్టిన ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదని కూడా చెబుతాడు. ఆ మాట అతను ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడో శక్కర్‌నగర్ రోడ్డులో చాయ్ కొట్టాయన్ని అడిగితే తెలుస్తుంది.

అందుకని ఆమెకు స్టూల్ వేయకుండానే, బ్యాటరీలకు చార్జర్ తగిలించే పనిలో పడ్డాడు. హన్మండ్లు బండి సంగతైతే ఆ లైట్ల షాపు వాణ్ని పోయి అడగమన్నాడు. శృతి తొందరపడలేదు. బ్యాగులోంచి ఒక పాలిథీన్ కవరు తీసి, బల్ల మీద పానాల పక్కన పెట్టింది. అందులో జానెడు పొడవు వైర్ల కట్ట ముక్క ఉంది. ఒక కొస నల్లగా ముద్దయిపోయింది. రెండో కొసకు ప్లాస్టిక్ కనెక్టర్, దాని మీద బొటనవేలంత పసుపు పెయింట్ చుక్క.

ఆ చుక్క చూడగానే సిద్దిరాములుకు ధైర్యం వచ్చింది. ఇంకేం కావాలి, తను వేసింది అసలు సిసలు కంపెనీ సరుకేనని వాళ్ల షోరూం పిల్లే సాక్ష్యం మోసుకొచ్చింది.

"కాకా, ఈ బండికి నిరుడు మేమే కొత్త వైరింగ్ ఏసినం. రికార్డుల సంతకం నాదే. మరి ఈ పాతది దీంట్లకు ఎట్ల వచ్చింది?" అని శృతి అడిగింది.

"ఎలుకలు కొరికినయ్ బిడ్డా. చెరుకు కోతలైనంక పొలాల్ల ఉన్న ఎలుకలన్ని బండ్లల్ల దూరుతయ్. మీరేసింది మొత్తం కొరికి పెట్టినయ్. నేను మళ్ల కంపెనీ సెట్టే ఏసిన. గా సుక్క సూడు, పాసైన మాల్ అది."

శృతి అతని ముఖంలోకి కాసేపు అలాగే చూసింది. అబద్ధం ఆడుతున్నాడా, నిజంగానే తెలియదా అని తూచుకుంటున్నట్టుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"పాసైంది కాదు కాకా. ఫెయిలైంది. బండిలకెల్లి ఇప్పిన సెట్టు మళ్ల ఎవ్వరికి ఎయ్యొద్దని మేం పెట్టే గుర్తు అది."

సిద్దిరాములు చేతిలోని చార్జర్ క్లిప్పు చేతిలోనే ఉండిపోయింది.

మిగతాది ఆమె కూర్చోకుండానే చెప్పింది. నిరుడు కంపెనీ ఆ మోడల్ ట్రాలీలన్నింటినీ వాపసు పిలిచింది. స్టీరింగ్ కింద వైర్ల కట్ట ఒక ఇనుప పట్టీని ఆనుకుని పోతుంది. బండి గతుకుల్లో ఊగినప్పుడల్లా కట్ట ఆ పట్టీకి ఒరుసుకుంటుంది. ఏడాదికో రెండేళ్లకో వైర్ల మీది తొడుగు అరిగిపోయి, రాగి ఇనుముకు తగిలి నిప్పు పుడుతుంది. ఫ్యూజు కంటే ముందే ఉన్న వైరు గనక ఫ్యూజు కూడా కాపాడదు. అందుకే కంపెనీ పాత కట్టలు విప్పించి, మందమైన తొడుగు ఉన్న కొత్తవి ఉచితంగా వేయించింది. విప్పిన పాత కట్టకు పసుపు చుక్క పెట్టాలి, కోసి ముక్కలు చేయాలి, స్క్రాప్‌కు పంపాలి. ఆ రోజుల్లో జిల్లా అంతా ఫోన్లు చేసి బండ్లను రప్పించింది శృతే. ఇప్పుడు మేనేజర్, బయటి మెకానిక్ చెడగొట్టాడని రాసి ఫైలు మూసేయమన్నాడట. ఆమెకు మనసొప్పక, కాలిన ముక్కను బ్యాగులో వేసుకుని వచ్చేసింది.

సిద్దిరాములు స్టూల్ లాక్కుని తనే కూలబడ్డాడు.

పాపం, అతనికి ఆ చుక్క అంటే ఏమిటో చెప్పకపోతే మీరు అతన్ని మోసగాడనుకుంటారు. షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అతను మోటార్ వైండింగ్ సెక్షన్‌లో ఉండేవాడు. రిపేరైన మోటారును ఫోర్‌మన్ సాబ్ దగ్గరుండి నడిపించి, చెయ్యి పెట్టి వేడి చూసి, బాగుందనుకుంటే దాని నెత్తిన పసుపు పెయింట్ చుక్క పెట్టేవాడు. ఆ చుక్క లేని మోటారు మిల్లు గడప తొక్కేది కాదు. చుక్క పెట్టించుకున్న రోజు సిద్దిరాములు ఇంటికి తలెత్తుకుని పోయేవాడు. ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లు గడిచినా ఆ లెక్క అతని తలలో మూతబడలేదు. కంపెనీ వైర్ల కట్ట మీద అలాంటి చుక్కే కనిపిస్తే, పరీక్షించి పంపారని కాక ఇంకేమనుకుంటాడు? పైగా ఊరుకోకుండా వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపించాడు. పసుపు పండించే జిల్లాలో పసుపు చుక్క కాదనేవాడెవడు? కంపెనీయే బొట్టు పెట్టి పంపిందని మురిసిపోయారు. తమకూ ఆ చుక్క వైరింగే కావాలని పట్టుబట్టినవాళ్లూ ఉన్నారు.

అయితే అతనికి ఒక చిన్న సంగతి తెలుసు. ఆ కట్టలు చేతికొచ్చిన రోజే, క్లిప్పులు బిగించే చోట గీతలు చూశాడు. ఒకసారి బండికి ఎక్కి దిగిన వైరుకే అలాంటి గీతలు పడతాయి. అడుగుదామనుకున్నాడు, అడగలేదు. ఇప్పుడు అది తలచుకుంటే సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

ఇవి ఎవరిచ్చారని శృతి అడిగింది. నిజామాబాద్‌లో స్క్రాప్ వాళ్ల దగ్గర దొరికాయని సిద్దిరాములు చెప్పాడు. ఏ స్క్రాప్ షాపు అంటే, రైల్వే గేటు దగ్గర ఎవడో అన్నాడు. పేరు అడిగితే యాది లేదన్నాడు. అబద్ధం ఇంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని అతనికే తెలియదు.

ఇచ్చింది నరేందర్. స్వయానా చెల్లెలు ముత్తవ్వ కొడుకు. ఆ షోరూంలోనే స్టోర్‌లో పనిచేస్తాడు. భర్త పోయాక ముత్తవ్వ చెరుకు కొట్టి వాణ్ని ఐటీఐ చదివించింది. ఆ ఉద్యోగం కోసం సిద్దిరాములు ఎవరెవరి గడపలు తొక్కాడో లెక్కలేదు. షోరూంలో ఎక్కువ వచ్చి మిగిలిపోయాయి మామా అంటూ వాడు ఐదు కట్టలు తెచ్చిచ్చినప్పుడు, మేనల్లుడు తనను తలచుకున్నాడని పొంగిపోయాడు. పేరు చెబితే వాడి ఉద్యోగం పోతుంది. పోలీసులదాకా పోతే ముత్తవ్వ ముఖం ఎలా చూడాలి?

శృతి స్క్రాప్ షాపు సంగతి వదిలేసింది. నమ్మిందని కాదు. ఆమెకు అంతకంటే తొందర పని ఉంది.

"ఎన్ని బండ్లకు ఏసినవ్ కాకా?"

"ఐదు."

"హన్మండ్లుది పోను నాలుగు. ఇప్పుడు అవి రోడ్డు మీదనే తిరుగుతున్నయ్. నువ్వు ఫోన్ చెయ్. నేను చేస్తే షోరూమోళ్లు ఏదో అంటుండ్రని ఇనరు."

సిద్దిరాములు దగ్గర రసీదులూ రికార్డులూ లేవు. అతనికి బండ్లు నంబర్లతో కాదు, మనుషులతో గుర్తుంటాయి. చందూర్ పోశన్న బండికి హారన్ నొక్కితే లైటు మసకబారేది. ఎడపల్లి రామ్‌దాస్ బండిలో పాల వాసన. సాలూర ప్రేమ్ బండిలో ఎలుక పిల్లలు దొరికాయి. నాలుగోది ఇక్కడే బోధన్‌లో ఉండే మధుకర్‌ది, మేస్త్రి చంద్రవ్వ వెంట వచ్చే ఆడవాళ్లను కూలి పనులకు తిప్పే బండి.

ముందు పోశన్నకు చేశాడు. పోశన్న బస్తాలు వేసుకుని వర్ని వైపు పోతున్నాడు. బండి పక్కకు ఆపి బ్యాటరీ మైనస్ వైరు పీకెయ్యమంటే ఎదురు నవ్వాడు. "అన్నా, నీ పసుపు సుక్క వైరింగే గదనే. దీంతోని భయమే లేదని నువ్వే అంటివి." తను తప్పు చెప్పాననీ, ఆ చుక్క ఖరాబు మాల్ గుర్తనీ అతనికి విడమరచి చెప్పాల్సి వచ్చింది. తర్వాత పోశన్న, హన్మండ్లు చేతుల సంగతి అడిగాడు. అది కూడా ఇదేనా అన్నాడు. ఇదేనని సిద్దిరాములు ఒప్పుకున్నాడు. నాలుగు రోజులుగా హన్మండ్లు మీద వేసిన నింద అప్పుడు వాపసు తీసుకున్నాడు, అదీ హన్మండ్లు లేని చోట.

రామ్‌దాస్ పాలు దించేసి ఇంటికొచ్చాడు. బండి వాకిట్లోనే ఉంది. చెప్పగానే వైరు పీకాడు గానీ, సాయంత్రం పాలు ఎలా పంపాలని తిట్టాడు. ప్రేమ్ బండి రెండు రోజులుగా షెడ్డులోనే ఉందట. శృతి ఒక్కొక్క బండి నంబరూ రాసుకుంటోంది. మూడు అయ్యాయి. సిద్దిరాములు కాస్త ఊపిరి తీసుకున్నాడు. ఇంకొక్కటి ఆగిపోతే ఎవరికీ ఏమీ కాదు, పేరు చెప్పాల్సిన అవసరమూ రాదు అనుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో అతనికి మధుకర్ బండి కంటే మేనల్లుడి పేరే ఎక్కువ బరువుగా ఉంది.

మధుకర్ రెండో రింగుకే ఎత్తాడు. జ్వరంతో పడుకున్నాడేమో గొంతు బొంగురుగా ఉంది. బండి ఎక్కడుందని అడిగితే ఆశ్చర్యపోయాడు.

"గదేందన్నా, నువ్వే గద పంపినవ్. మీ నరేందర్ పొద్దుగాల్ల ఆరు గంటలకే వచ్చిండు. మామ వైరింగ్ సూడాలన్నడు, షోరూంకు తీస్కపోత అన్నడు. చంద్రవ్వోళ్లు పద్నాలుగు మంది అడ్డ మీద ఉన్నరు, ఏర్గట్లల పసుపు పనికి పోవాలె. నాకేమో జ్వరం. వాళ్లను దింపి అటే తీస్కపో అన్న. సరే అన్నడు."

మధుకర్ తన జాగ్రత్త కూడా చెప్పుకున్నాడు. సామాన్ల బండిలో మనుషుల్ని ఎక్కిస్తే పోలీసులు పట్టుకుంటారు గనక, పైన తాడిపత్రి కప్పి తాళ్లు బిగించమని నరేందర్‌కు చెప్పాడట. వెనక డాలా తలుపుకు బయటి నుంచి గొళ్లెం వేయమన్నాడట. ఏం భయం లేదన్నా, ఎవరికీ కనబడరు అన్నాడు.

ఫోన్ పెట్టేశాక సిద్దిరాములుకు అంతా వరసగా అర్థమైంది. హన్మండ్లు బండి కాలిందని తెలిసి నరేందర్ భయపడ్డాడు. మిగిలిన చుక్కలు ఎవరి కంటా పడకముందే కట్టలు విప్పేసుకోవాలని బయలుదేరాడు. ఆడవాళ్లను ఎక్కించుకోనంటే మధుకర్‌కు అనుమానం వస్తుందని ఎక్కించుకున్నాడు. వైర్లు అరిగి నిప్పు పుడుతుందన్నది వాడికి కాగితం మీది ముచ్చట మాత్రమే. ఆ గతుకుల మీద, ఆ బండి తోలుతూ, వాడు భయపడుతున్నది పెయింట్ చుక్కకు.

శృతి అతని ముఖం చూసి ఏమైందని అడిగింది. బండి దొరికిందా అంది.

తోలుతున్నది ఎవరో చెప్పకుండా బండి సంగతి చెప్పొచ్చు. ఎవడో డ్రైవరు అనొచ్చు. కానీ పోలీసులు ఆపాలంటే, షోరూం వాళ్లు వెతకాలంటే, ఎవరి ఫోన్‌కు చేయాలి? తాళ్లు బిగించిన తాడిపత్రి కింద పద్నాలుగు మంది. బయటి గొళ్లెం. హన్మండ్లుకు దూకడానికి తలుపన్నా ఉంది. సిద్దిరాములు కళ్ల ముందు చెరుకు కత్తి పట్టుకుని వంగిన ముత్తవ్వ కనిపించింది. చంద్రవ్వ కూడా అలా వంగి బతికేదే.

"నరేందర్. మీ స్టోర్‌ల పనిచేస్తడు. మా చెల్లె కొడుకు. కట్టలు తెచ్చిచ్చింది వాడే, ఇప్పుడు బండి నడుపుతున్నది వాడే," అన్నాడు.

రోజూ మధ్యాహ్నం టిఫిను డబ్బా శృతి డబ్బా పక్కన పెట్టుకుని తినే మనిషి అతను. కానీ ఆమె ఒక్క క్షణమే ఆగింది. ఎవరి బండి, ఎటు పోతోంది, లోపల ఎంతమంది అని అడిగి, నిరుడు వాపసు పిలిచిన బండ్ల జాబితాలో మధుకర్ నంబరు చూసి, తన ఫోన్‌లో వంద నొక్కి, బయటికి నడుస్తూ బండి నంబరు చెప్పడం మొదలుపెట్టింది. ఆర్మూర్ దాటి ఉంటుందనీ, ఏర్గట్ల రోడ్డు పట్టి ఉంటుందనీ చెబుతోంది.

సిద్దిరాములు నరేందర్‌కు చేశాడు. రింగై రింగై ఆగిపోయింది. మళ్లీ చేశాడు. కట్ చేశాడు వాడు. మూడోసారి చేశాడు.

"మామా, బండి నడుపుతున్న. తర్వాత చేస్త," అన్నాడు నరేందర్.

"పెట్టకు. బండి పక్కకు ఆపు. వెనుక గొళ్లెం తియ్యి, ఆడోళ్లను దించు. ముందు గది చెయ్యి, మిగిలినయ్ తర్వాత మాట్లాడుకుందం."

"ఏమైందిప్పుడు? ఇంకెంత దూరం, పావుగంటల పోత."

ఇంజన్ మోతలో వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది. డ్రైవరు సీటు వెనక ఇనుప జాలీకి నోరు ఆనించి అరుస్తున్నట్టుంది. ఏదో కమురు వాసన వస్తోందట, ఒకసారి ఆపి చూడమంటోంది. అది చంద్రవ్వ గొంతే. నరేందర్ విసుక్కున్నాడు. రోడ్డు పక్కన పసుపు ఉడకబెడుతున్నారనీ, వాసన అదేననీ ఆమెకు చెప్పాడు.

ఇరవై ఏళ్లుగా ఆ కడాయిల పక్కన నిలబడి పసుపు ఉడికించిన మనిషి చంద్రవ్వ. పసుపు ఉడికే వాసన ఏదో, కానిదేదో ఆమెకు ఒకడు చెప్పాలా?

"ఆపురా బిడ్డా. నీ కాళ్లు మొక్కుత," అన్నాడు. మేనల్లుడికి మేనమామ అనకూడని మాట అది. అనేశాడు.

నరేందర్ గొంతు తగ్గించాడు. ఈసారి అందులో విసుగు లేదు, భయం ఉంది.

"మామా, నీ దగ్గరికి షోరూంలకెల్లి ఎవరన్న వచ్చిండ్రా?"

సిద్దిరాములు బయట ఫోన్‌లో మాట్లాడుతున్న శృతి వైపు చూశాడు.

"నా పేరు చెప్పినవా?"

పొద్దుట్నుంచీ అన్ని అబద్ధాలు ఆడిన నోరు, ఇంకొక్కటి ఆడితే సరిపోయేది. కానీ సిద్దిరాములు వేరే విధంగా ఆలోచించాడు. అంతా బయటపడిందని తెలిస్తే వాడికి దాచడానికి ఇంకేమీ ఉండదు, ఎక్కడికక్కడే ఆపేస్తాడు అనుకున్నాడు. పసితనం నుంచి ఎత్తుకుని పెంచిన మేనల్లుడు, వాడి సంగతి తనకు తెలియదా అనుకున్నాడు.

"చెప్పిన," అన్నాడు. "అంతా చెప్పిన. పోలీసోళ్లు గూడ వస్తుండ్రు. ఇగ దాసేదేం లేదు బిడ్డా, ఆపు."

సిద్దిరాములు ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుని, ఇంజన్ చప్పుడు తగ్గడం కోసం ఎదురుచూశాడు. బ్రేకు పడితే చప్పుడు ఎలా దిగుతుందో అతనికి బాగా తెలుసు.

గేరు మారిన చప్పుడు వినిపించింది. ఇంజన్ మోత తగ్గలేదు, ఒక్కసారిగా పెరిగింది. జాలీ వెనక ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతూ అరవడం మొదలుపెట్టారు. ఆ అరుపుల మధ్యలో ఫోన్ ఆగిపోయింది.